ముప్ఫై ఏడు డబ్బాలు

"పక్కకి జరగండి, పక్కకి జరగండి!" అని అరుస్తూ, పాత పేపర్ల కట్ట ఒకటి రెండు చేతులతో పట్టుకుని బుల్లెట్ వరండాలో పరిగెడుతోంది.

ఆ పిల్ల అసలు పేరు స్కూల్ రిజిస్టర్‌లో ఉంది. బిల్డింగ్‌లో మాత్రం అందరికీ బుల్లెట్టే. పదేళ్ళు. నడవమంటే పరిగెడుతుంది, పరిగెత్తమంటే ఎగురుతుంది. మీరు పని చెప్పడం పూర్తయ్యేలోపే సగం చేసేసి ఉంటుంది. అది చెయ్యాల్సిన సగమేనా అంటే, ఆ సంగతి తర్వాత చూసుకోవాలి.

ఆ శనివారం హడావుడికి మాత్రం కారణం ఉంది. మెట్ల కింద గదిలో ఉండే మిషన్ తాతకి ఆ గది పోయేలా ఉంది.

మిషన్ తాత కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పనీ ఆ గదిలోనే, పడకా ఆ గదిలోనే. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. నలభై ఏళ్ళుగా పోగైన సామాను గదంతా నిండి, గుమ్మం దాటి, వరండాలోకి వచ్చేసింది. విరిగిన మిషన్లు, తెగిన బెల్టులు, అట్టపెట్టెలు, పాత పేపర్లు. పోయిన వారం బిల్డింగ్ చూడ్డానికి వచ్చిన ఫైర్ ఆఫీసర్ అదంతా చూసి తల పట్టుకున్నాడు.

"మంటలొస్తే మూడంతస్తుల జనం బయటికి పరిగెత్తాల్సిన దారి ఇది. సోమవారం సాయంత్రం ఐదింటికి మళ్ళీ వస్తా. అప్పటికి దారి ఖాళీగా ఉండాలి, గదిలో మనిషి తిరిగేంత చోటుండాలి. లేకపోతే గది మూయించేస్తా," అన్నాడు.

ఓనరమ్మ ఆ మాట తాతకి చెప్పలేక చెప్పింది. "నాకు మాత్రం మిమ్మల్ని పంపాలని ఉంటుందా? ఈ వయసులో ఎక్కడికెళ్తారు మీరు?" అంటూ ఆవిడే కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రమే ప్రతి ఇంటి తలుపూ తట్టి, సాయం పట్టమని అడిగింది.

అందరూ సరేనన్నారు. ఎందుకనరు? ఆ బిల్డింగ్‌లో తాత చెయ్యి పడని మిషన్ లేదు. బుల్లెట్ వాళ్ళమ్మ టైలర్. నాన్న కాలు విరిగి ఆరు నెలలు మంచంలో ఉన్నప్పుడు ఆ ఇల్లు నడిచింది అమ్మ మిషన్ మీదే. అది ఎప్పుడు మొరాయించినా, పిలిచిన పది నిమిషాల్లో తాత మెట్లెక్కి వచ్చేవాడు. అమ్మ ఆ రోజులు మర్చిపోలేదు.

శనివారం పొద్దున్నే కార్పెంటర్ మామయ్య రంపం, సుత్తి పట్టుకుని దిగాడు. నర్సక్క డ్యూటీ మార్చుకుని వచ్చింది. "ఇది అటక మీదకి!" "ఇది చెత్తబండికి!" అని ఒకటే కేకలు. తాత ఒక మూల స్టూల్ మీద కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దాయనకి శ్రమ ఎందుకులే అనుకున్నారు.

ఒంటిగంటకి అమ్మ ఆయన్ని భోజనానికి పైకి తీసుకెళ్ళింది. మిగతావాళ్ళు కూడా ఇళ్ళకి బయల్దేరారు.

"మేం వచ్చేదాకా కాపలా ఉండవే," అంది నర్సక్క.

ఊరికే కూర్చోవడం బుల్లెట్ వల్ల అయ్యే పనేనా? రెండు నిమిషాలు కూర్చుంది. మూడో నిమిషంలో తాత పని బల్ల పక్కనున్న అర మీద కళ్ళు పడ్డాయి. దాని నిండా డబ్బాలు. పౌడర్ డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, మందు సీసాలు. లెక్కపెడితే ముప్ఫై ఏడు! మూత తీస్తే ఒకదాంట్లో గుప్పెడు స్క్రూలు, ఇంకోదాంట్లో నాలుగు స్ప్రింగులు.

"ఈ కాసిని స్క్రూలకి ఇన్ని డబ్బాలా!" అనుకుంది బుల్లెట్.

నీలం బకెట్ ఒకటి తెచ్చింది. ముప్ఫై ఏడు డబ్బాలూ ఒకటి తర్వాత ఒకటి అందులో గలగలమని ఒంపేసింది. సరిగ్గా అప్పుడే చెత్తబండి వచ్చింది. తుప్పు పట్టిన డబ్బాలన్నీ అందులోకి వెళ్ళిపోయాయి. అరని తడిగుడ్డతో తుడిచింది. ఎంత చోటు మిగిలిందో! తాత చూస్తే ఎగిరి గంతేస్తాడనుకుంది.

తాత భోజనం చేసి వచ్చాడు. వెనకే అమ్మ, మామయ్య, నర్సక్క.

"తాతా, చూడు! అంతా ఒక్కదాన్నే సర్దేశా!"

తాత అర దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. చేతికి ఏమీ తగల్లేదు. కాస్త పక్కకి జరిపాడు. అక్కడా ఏమీ లేదు. తర్వాత వంగి, బకెట్‌లో వేళ్ళు పెట్టి చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

కోప్పడినా బాగుండేది. కోప్పడలేదు.

"ఇక చాలమ్మా. అందరూ వెళ్ళండి," అన్నాడు.

"బాబాయ్‌గారూ, చిన్నపిల్ల, తెలీక..." అని అమ్మ ఏదో అనబోయింది.

"దాన్నేమీ అనకు. ఆఫీసర్ వచ్చేదాకా ఎందుకు? నేనే ఎటో ఒకవైపు వెళ్ళిపోతాను."

బకెట్ గుమ్మం బయట పెట్టి తలుపేసుకున్నాడు. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినపడింది.

ఇంటికి వచ్చాక బుల్లెట్ భోరుమంది. "నేను మంచే చేశాగా! ఏం తప్పు చేశాను?"

అమ్మ తిట్టలేదు. మిషన్‌లో సూదిని పట్టి ఉంచే చిన్న స్క్రూ ఊడదీసి బుల్లెట్ చేతిలో పెట్టింది. "ఇలాంటిదే ఇంకోటి ఆ బకెట్‌లోంచి వెతికి పట్రా," అంది.

అదెంత పని అనుకుంది బుల్లెట్. బకెట్ పైకి మోసుకొచ్చి కూర్చుంది. గంట గడిచింది. అచ్చం అలాగే ఉన్నవి ఏడు ఏరింది. ఏడింట్లో ఒక్కటీ మిషన్‌కి పట్టలేదు.

"తాతకి రెండేళ్ళ నుంచి చూపు సరిగ్గా ఆనడం లేదు," అంది అమ్మ మెల్లగా. "ఎవరికీ చెప్పొద్దన్నాడు, పని ఇవ్వరేమోనని. ఏ డబ్బా ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. చెయ్యి వెళ్తే కావలసింది దొరికేది. అలాగే నెట్టుకొస్తున్నాడు."

బుల్లెట్ ఏడు స్క్రూలనీ మెల్లగా బకెట్‌లో పెట్టేసింది. తాతకి గది ఉండేలా చేద్దామని వెళ్ళి, ఆ గదిలో ఉండి చేసుకునే పనే లేకుండా చేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే బకెట్, నాలుగు కోడిగుడ్ల అట్టలు పట్టుకుని బుల్లెట్ తాత గుమ్మం ముందు చతికిలబడింది. ఒక్కో అట్టకి ముప్ఫై గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో రకం వెయ్యాలని ఆలోచన. కానీ ఏది ఏ రకమో తెలిస్తేగా!

తలుపు తట్టింది. తాత పలకలేదు. కాసేపు ఆలోచించి, తలుపు కింద సందులోంచి ఒక స్క్రూ లోపలికి తోసింది.

"తాతా, ఇదేంటి?"

చెవి తలుపుకి ఆనించింది. బుల్లెట్ కదల్లేదు. పరిగెత్తడం తప్ప తెలియని పిల్ల అంతసేపు అలా కూర్చోవడం ఎవరైనా చూసి ఉంటే నోరు వెళ్ళబెట్టేవాళ్ళు.

చాలాసేపటికి ఆ స్క్రూ సందులోంచి దొర్లుకుంటూ బయటికి వచ్చింది.

"మిషన్ పాదం స్క్రూ," అంది తాత గొంతు.

బుల్లెట్ దాన్ని మొదటి గుంటలో వేసింది. ఇంకోటి తోసింది.

"బాబిన్ కేసుది."

ఇంకోటి.

"దిక్కుమాలినది. అది మిషన్‌దే కాదు, నా కళ్ళజోడుది. ఏడాదిగా వెతుకుతున్నా!"

బుల్లెట్ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. లోపల కూడా చిన్నగా నవ్వు వినపడింది. పదకొండో స్క్రూకి గడియ తీసిన చప్పుడైంది. తాత స్టూల్ తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"తాతా, సారీ. అడక్కుండా ముట్టుకున్నాను."

"ఊఁ," అన్నాడు తాత. చెయ్యి చాపాడు. "తర్వాతది ఇవ్వు."

మెట్లు దిగుతున్న నర్సక్క చూసి, తనూ కింద కూర్చుంది. అమ్మ వచ్చింది. ఓనరమ్మ మోకాళ్ళ నొప్పులంటూనే పీట వేసుకుంది. బుల్లెట్ అందిస్తే తాత రెండు వేళ్ళతో తడిమి పేరు చెప్తున్నాడు, మిగతావాళ్ళు గుంటల్లో వేస్తున్నారు. కార్పెంటర్ మామయ్య కొత్త అర కొట్టడానికి వచ్చి, సుత్తి ఎత్తినవాడల్లా ఆగాడు.

"ఎంత ఎత్తులో కొట్టమంటారు పెద్దాయనా?"

"కూర్చుంటే నా చెయ్యి అందేంత," అన్నాడు తాత.

అమ్మ గుడ్డముక్కలతో గోడకి తగిలించే పొడుగాటి సంచి కుట్టింది. దానికి ముప్ఫై ఏడు జేబులు. ఏ జేబులో ఏది ఉండాలో తాతే చెప్పాడు. అటకెక్కిన సామాను కూడా ఒక్కొక్కటే దింపి ఆయన్ని అడిగారు. తమాషా ఏమిటంటే, అడిగితే సగానికి సగం ఆయనే "పారెయ్యండి" అన్నాడు. సాయంత్రానికి గదిలో నేల కనిపించింది. ఆ నేల ఎరుపు రంగని ఓనరమ్మకే గుర్తులేదు.

సోమవారం బడి వదలగానే బుల్లెట్ ఒక్క పరుగులో ఇంటికి వచ్చింది. ఐదింటికి ఫైర్ ఆఫీసర్ టేపు పట్టుకుని వచ్చాడు. వరండా కొలిచాడు. గది కొలిచాడు. బిల్డింగంతా ఊపిరి బిగబట్టి నిలబడింది.

"అంతా బాగుంది. కానీ గుమ్మం పక్కన ఈ బెంచీ దారికి అడ్డం. ఇది ఉంటే సంతకం పెట్టలేను," అన్నాడు.

బుల్లెట్ ఒక్క గెంతులో బెంచీ దగ్గరుంది. రెండు చేతులతో దాని కాలు పట్టుకుంది. వీధిలోకి లాగేస్తే అయిపోతుంది. ఆఫీసర్ పెన్ను చేతిలోనే ఉంది.

పట్టు వదిలేసింది.

"తాతా, ఈ బెంచీని ఏం చేద్దాం?"

"అది తీసేస్తే వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారే?" అన్నాడు తాత. గడ్డం గోక్కున్నాడు. "గోడకి మడత బందులు వేస్తే? కావాలంటే దించుకుంటాం, లేకపోతే మడిచేస్తాం."

ఆఫీసర్ వాచీ చూసుకున్నాడు. "పావుగంట. అంతకన్నా ఆగలేను."

కార్పెంటర్ మామయ్య అప్పటికే బెంచీకి ఒక పక్క కాళ్ళు కోస్తున్నాడు. "బందులు నా దగ్గరున్నాయి. సరిపోయే స్క్రూలే లేవు. ఎనిమిది కావాలి!"

తాత గోడ వైపు చూడను కూడా చూడలేదు. చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నేరుగా మూడో వరుసలో చివరి జేబులోకి వెళ్ళింది. గుప్పిట విప్పితే ఎనిమిదీ ఒకే సైజు స్క్రూలు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

పన్నెండో నిమిషంలో బెంచీ గోడకి మడుచుకుంది. ఆఫీసర్ మళ్ళీ కొలిచి, తల ఊపి, సంతకం పెట్టాడు.

అందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలుపెట్టారు. తాత మాత్రం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. మామయ్యవి, నర్సక్కవి, ఓనరమ్మవి. "మీ రుణం తీర్చుకోలేను," అనబోతే అమ్మ ఆపింది. "బాబాయ్‌గారూ, తీర్చుకుంటున్నది మేము," అంది.

చివరికి బుల్లెట్ దగ్గరికి వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే బుల్లెట్ అంది.

"థాంక్స్ తాతా."

"నాకెందుకే?"

"నిన్న తలుపు తీశావుగా."

తాత బెంచీ కిందికి దించి, ఒక పక్కకి జరిగి కూర్చుని, పక్కన చోటు చూపించాడు.