దురద పెట్టని ఐదో కోటు

దర్జీ దుకాణం యజమాని ఆ కోటును పామును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకొచ్చి బల్ల మీద పడేశాడు.

“కాపాడండి సార్! క్లబ్ పెద్దలు ఐదుగురికి కుట్టిన కోట్లివి. నిన్న వేదికెక్కారో లేదో, నలుగురు గోక్కోవడం మొదలుపెట్టారు. ప్రెసిడెంటు గారైతే మైకు వదిలేసి గోడకి వీపు రుద్దుకున్నారు.”

మేనకోడలికి నవ్వొచ్చింది. మామయ్య చూపు తగలగానే మింగేసింది. ఊరంతా ‘డేగ’ అని పిలిచే డిటెక్టివ్ ఆయన. ఆమె ఆయన అసిస్టెంటు.

“ఐదో ఆయన?”

“లైబ్రేరియన్ గారు. ఆయనకేం కాలేదు, అదృష్టవంతులు. మా అన్నయ్యకి సోరియాసిస్ సార్. అదే అందరికీ అంటించాడంటున్నారు. ఇవాళే గెంటెయ్యకపోతే దుకాణం మూయిస్తారట.”

“అది అంటుకునే జబ్బు కాదు.” డేగ భూతద్దం తీశాడు. కోటు లోపలి గుడ్డకు సన్నని నూగు అంటుకుని ఉంది. “దూలగొండి. మోచేతుల దగ్గర, నడుం దగ్గర, మెడ వెనక. అంతే. చంకల్లో చల్లితే ఇంకా మండేది. ఎందుకు చల్లలేదంటావమ్మా?”

“మరచిపోయాడేమో మామయ్యా.”

“పగబట్టినవాడు మరచిపోడు.”

దుకాణంలో ఇస్త్రీ మనిషి చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి.

“యజమానితో నీకు గొడవటగా?” అడిగాడు డేగ.

“గొడవుంటే మొహం మీదే తిడతాను బాబూ. నా కొంపకి నేనే నిప్పెట్టుకుంటానా? ఆ కోట్లు ఇస్త్రీ చేశాకే చేతులిలా అయ్యాయి.”

వెనక తెర చాటున యజమాని అన్న గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఆయనే కట్టర్. మందు రాసిన చేతులకు తెల్లటి నూలు తొడుగులు. ఉన్నట్టుండి కత్తెర ఆపి, మోచేతి మీద అరచేత్తో మెల్లగా తట్టుకున్నాడు. తర్వాత నడుం మీద, మెడ వెనక.

“గోక్కోరా?” అంది మేనకోడలు.

“గోకితే అక్కడే కొత్త మచ్చ లేస్తుందమ్మా. పసిపిల్లలా జోకొట్టాలి. ఎంత జోకొట్టినా నిద్రపోదు, మహాతల్లి!”

“ఈ తెరెందుకు?”

“కస్టమర్లు జడుసుకుంటారని తమ్ముడు కట్టాడు. కొలతలు వాడు తీస్తాడు, నేను కత్తిరిస్తాను.”

సాయంత్రం డేగ అందరినీ దుకాణంలో కూర్చోబెట్టాడు. నలుగురు పెద్దలు కుర్చీల్లో మెలికలు తిరుగుతున్నారు. లైబ్రేరియన్ మాత్రం కొత్త కోటులో హాయిగా ఉన్నాడు.

“నూగు ఇస్త్రీకి ముందే పడింది. ఇస్త్రీ మనిషివి తప్ప ఇంకెవరి చేతులూ వాచలేదంటే, చల్లినవాడికి తొడుగులున్నాయన్నమాట. చల్లింది కూడా సరిగ్గా తన దురద ఉన్నచోటే.”

“అన్నయ్యని ఎవరో ఇరికిస్తున్నారు!” అన్నాడు యజమాని.

“ఇరికించేవాడు ఐదూ పాడుచేసేవాడు. లైబ్రేరియన్ గారూ, కట్టర్ మీకు తెలుసా?”

“కొలతలిచ్చిన రోజు తెర తీసి లోపలికెళ్లాను. చెయ్యి కలిపి, బాగా కుట్టమన్నాను. అంతే.”

“ఆ సంగతి తెర లోపలున్న మనిషొక్కడికే తెలుసు.”

తెర కదిలింది. కట్టర్ బయటికొచ్చాడు.

“అవును, నేనే. ‘ఆ పొలుసులోడి చెయ్యి నా గుడ్డ మీద పడకూడదు’ అన్నారు ప్రెసిడెంటు గారు. మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు. తెర కళ్లకే గానీ చెవులకి అడ్డం కాదుగా! మీరు ఒక్కరోజు గోక్కున్నారు. నాకిది పెళ్లికి ముందు మొదలైంది. నా కూతురికీ పెళ్లయిపోయింది.”

“పోలీసుల్ని పిలుస్తా!” ప్రెసిడెంటు లేచాడు.

“పిలవండి,” అన్నాడు డేగ. “గోడకి వీపు రుద్దుకున్న ముచ్చట స్టేషన్లో మీరే చెప్పాలి.”

ప్రెసిడెంటు కూలబడ్డాడు. “మరి ఎల్లుండి ముఖ్య అతిథి వస్తున్నాడు. కోటెలా?”

“అన్నయ్య తప్ప ఇంకెవరూ కత్తిరించలేరు సార్,” అన్నాడు యజమాని.

కట్టర్ తెరను ఒక్క లాగు లాగి కింద పడేశాడు. తొడుగులు ఒక్కో వేలూ విడదీసి తీశాడు. టేపు మెడలో వేసుకుని వచ్చాడు.

“కొలతలు ఇకనుంచి నేనే తీస్తాను. చేతులెత్తండి సార్.”

ప్రెసిడెంటు చేతులెత్తాడు. పొలుసుల వేళ్లు ఆయన మెడ మీద, భుజం మీద, నడుం చుట్టూ తాపీగా తిరిగాయి. కొలిచిందే మళ్లీ కొలిచాయి. ఆయన చెయ్యి ఆగలేక మోచేతి వైపు జారింది.

“గోక్కోకండి సార్,” అన్నాడు కట్టర్. “కొలత తప్పుతుంది.”