ఏ వరుసా ఖాళీగా ఉండరాదు

వెబ్‌సైటుకు నిబంధనలు రాయడం ఎంతసేపు పని అనుకునేవాళ్ళు ఆ విశ్వవిద్యాలయం సమావేశ గదిలో ఒక్క పూట కూర్చుని చూడాలి. పద్దెనిమిది సమావేశాలు జరిగాయక్కడ. పద్దెనిమిది! రాజ్యాలు అంతకన్నా తక్కువ మాటలతో చేతులు మారాయి. ఆ పద్దెనిమిదింటినీ ఒంటిచేత్తో ఈదుకొచ్చిన మనిషిని అందరూ వెబ్బక్క అంటారు. మనిషి అయిదడుగులు లేదు గానీ, కోపమొచ్చి కీబోర్డు కొట్టిందంటే మూడో అంతస్తు చూరు మీద పావురాలు లేచిపోయేవి. నమ్మనివాళ్ళు పావురాలనే అడగొచ్చు.

అది మతబోధ చేసే విశ్వవిద్యాలయం. అక్కడివాళ్ళు మోక్షం గురించి వాదులాడుకుని మధ్యాహ్నానికి రాజీపడిపోతారు. ముందు పుటలో ఎవరి ఫొటో ఉండాలన్న దగ్గర మాత్రం ప్రాణాలకు తెగిస్తారు.

"ప్రార్థన వేళలు ఉన్న పుట ఎవరిది?" అని అడిగింది వెబ్బక్క, పద్దెనిమిదో సమావేశంలో, పద్దెనిమిదోసారి.

"మాదే," అన్నాడు రిజిస్ట్రారు.

"అందులో వేళలు తప్పున్నాయి సార్. దిద్దండి."

"పుట మాదేనమ్మా. అందులో ఉన్నది మాది కాదు."

"మరెవరిది?"

రిజిస్ట్రారు ధర్మశాస్త్ర విభాగం పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన పైకప్పు వైపు చూశాడు. పైకప్పుకు చూడ్డానికి ఎవరూ లేరు కాబట్టి మాట అక్కడితో ఆగింది.

ఇలాంటివి చూసి చూసి, ఒళ్ళు మండి, వెబ్బక్క పన్నెండు నిబంధనలు రాసింది. గోడకేసి కొట్టినా పగలని నిబంధనలు. నాలుగోది: ప్రతి పుటకూ బతికున్న బాధ్యులొకరు ఉండాలి. తొమ్మిదోది: ఏ వరుసా ఖాళీగా ఉండరాదు, ఒకరిని తీసేస్తే ఆ చోట ఇక్కడ పనిచేసిన మరొకరిని పెట్టాలి. ఎవరికి వాళ్ళు తమ ఫోను నంబర్లు పీకేసుకుని ఖాళీ గళ్ళు వదిలేస్తున్నారని రాసింది అది. పదకొండోది: ఒకరి చోటులోకి ఇంకొకరు వస్తే, వచ్చినవాళ్ళ పని వెళ్ళినవాళ్ళకు పడుతుంది. పుటలు అనాథలు కాకుండా. పన్నెండోది: వీటిలో అక్షరం మార్చాలన్నా, పుట తీసేయాలన్నా, బాధ్యుల్ని మార్చాలన్నా ఉపకులపతి, రిజిస్ట్రారు, పెద్దాయన ముగ్గురూ ఒప్పుకోవాలి. కాగితం మీద రాసి ఊరుకుంటే వీళ్ళు పడవలు చేసుకుంటారని, పన్నెండింటినీ కంప్యూటరులోకే ఎక్కించింది. నిబంధన తప్పితే యంత్రం ముందుకు కదలదు. తప్పేవాడు బ్రహ్మదేవుడైనా సరే.

ఒక సెలవురోజు మధ్యాహ్నం పన్నెండింటికి అవి అమల్లోకి వచ్చాయి.

వెబ్బక్క గది నేలమాళిగలో ఉంటుంది. ఒకప్పుడు గ్రంథాలయం పాత పుస్తకాలు దాచిన చోటు. కిటికీ లేదు. గోడల్లో ఇంకా చెమ్మ పట్టిన కాగితం వాసన, బైండింగు జిగురు వాసన. ఒక మూల, గుడ్డ కప్పిన పాత కంప్యూటరొకటి. దాని తీగలు ఎప్పుడో పీకేశారు.

రెండున్నరకు తమ్ముడొచ్చాడు. లోకంలో తనవాడని ఆమె చెప్పుకోవడానికి ఉన్నది ఆ తమ్ముడొక్కడే. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అన్నం కలిపి పెట్టింది, పలక పట్టించింది, చదువు అబ్బకపోతే కరెంటు పని నేర్పించి ఇదే విశ్వవిద్యాలయంలో చేర్పించింది. ముప్పయ్యేళ్ళొచ్చినా వాడు గడప దాటితే ఆమె చెవి రోడ్డు మీదే ఉంటుంది.

"అక్కా, మూడింటికి మెయిన్ ఆపేస్తున్నా. ప్రార్థన మందిరంలో పెద్ద దీపాల గుత్తి దించాలి. నా ఫోను ఇక్కడ చార్జింగులో పెడుతున్నా."

"నిచ్చెన ఎవరు పట్టుకుంటున్నార్రా?"

"సెలవు కదా. ఎవరూ లేరు."

"ఒరేయ్, నలభై అడుగుల ఎత్తు అది. మనిషి లేకుండా ఎక్కకు."

"నీ నిబంధనలు వెబ్‌సైటుకే అక్కా. నిచ్చెనలకు కాదు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

బాధ్యులున్న పుటలు పచ్చగా, లేనివి ఎర్రగా కనిపించేలా పెట్టుకుంది వెబ్బక్క. నాలుగు వందల పన్నెండు పుటలు. మూడు కావస్తుండగా ఒక్కటి తప్ప అన్నీ పచ్చబడ్డాయి. ఆ ఎర్రగా మిగిలిన పుట పేరు 'సేవ ముగించినవారు'.

దాని కథ ఆమెకు తెలుసు. విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ చనిపోయినవాళ్ళ జాబితా అది. అందులో పేర్లుండవు. తేదీ, గంట, చేసిన పని, పోయిన తీరు. అంతే. పాత గ్రంథపాలకుడు పెట్టిన పద్ధతి. 'పేరు పైవాడికి తెలుసు, పని మనం రాస్తే చాలు' అనేవాడట. మొదట లావుపాటి పుస్తకంలో ఊదా సిరాతో రాసేవాడు. వెబ్‌సైటు వచ్చాక ఇదే గదిలో, ఆ మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళు.

పుట మాత్రం ఆగలేదు. ఆరు నెలల కింద పోయిన తోటమాలి ఉన్నాడందులో. పోయిన వారం గుండె ఆగిన వంటమనిషీ ఉంది.

ఎవరు రాస్తున్నారని వెబ్బక్క నెల రోజులుగా అడుగుతూనే ఉంది. ప్రార్థన మందిరం వాళ్ళేమో అనుకున్నామంది గ్రంథాలయం. రికార్డుల గదేమో అనుకున్నామంది ప్రార్థన మందిరం. "అదేంటమ్మా, మీరేగా రాసేది!" అంది రికార్డుల గది. పదకొండేళ్ళు! పదకొండేళ్ళుగా ప్రతివాళ్ళూ ఇంకెవరో చేస్తున్నార్లే అనుకున్నారు. ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

చివరిసారి ఎవరు దిద్దారో తీసి చూసింది.

పాత గ్రంథపాలకుడు. ఈ రోజే. రెండూ యాభై ఎనిమిదికి.

"ఎవడో ఆయన పాస్‌వర్డు వాడుతున్నాడు," అని పళ్ళు నూరింది. "దొరకాలి గానీ..."

మూడు కొట్టింది. తమ్ముడు మెయిన్ ఆపేశాడు.

దీపం పోయింది. పంకా రెక్కలు మెల్లగా, మెల్లగా తిరిగి ఆగాయి. పట్టపగలు, బయట ఎండ మండిపోతూ ఉండి ఉంటుంది. ఇక్కడ మాత్రం కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించదు. వెబ్‌సైటంతా మోసే ఆమె కంప్యూటరు ఒక్కటి బ్యాటరీ మీద వెలుగుతోంది. బ్యాటరీ పెట్టె నిమిషానికోసారి కీచుమంటోంది.

ఆ వెలుగులోనే పని సాగించింది. గ్రంథపాలకుడి ఖాతా మూయబోతే, ఆయన పేరు మీద ఎక్కిన వరుసలన్నీ ఒకసారి సరిచూడమంది యంత్రం. అదీ ఆమె పెట్టుకున్నదే. విసుక్కుంటూ మొదలుపెట్టింది. రెండు వందల పైచిలుకు. తోటమాలి. రాత్రి కాపలావాడు. వంటమనిషి...

జిగురు వాసన ఎక్కువైంది. ఎవరో ఇప్పుడే డబ్బా మూత తీసినట్టు.

ఆఖరి వరుస దగ్గరికి వచ్చేసరికి మూడూ ముప్పై ఒకటి.

ఈ రోజు. మూడూ నలభై. కరెంటు పనివాడు. నిచ్చెన మీది నుంచి.

ఆమె ఇంకోసారి చదివింది.

ఇంకో తొమ్మిది నిమిషాలు.

కుర్చీ తన్నేసి మెట్ల మీదికి పరుగెత్తింది. సగం మెట్ల మీద ఆగి ఫోను తీసింది. తమ్ముడికి చేసింది. మోగింది... కింద, చీకట్లో, ఆమె బల్ల మీద. గేటు కాపలావాడికి చేసింది. గేటు దగ్గరి ఫోనుకూ కరెంటు కావాలి. ప్రార్థన మందిరం మైదానానికి అవతల, గుట్ట మీద. ఆమె కాళ్ళకు గుర్రాల్ని కట్టినా పావుగంట.

వెనక్కి దిగింది. ఆ వరుస మీద వేలు పెట్టి చెరిపేసింది.

'తొమ్మిదో నిబంధన. వరుస ఖాళీగా ఉండరాదు.'

చుక్కలు పెట్టింది. ఒప్పుకోలేదు. ఎవరో ఒకరు అని కొట్టింది. 'ఇక్కడ పనిచేసినవారై ఉండాలి.' పుట మొత్తం తీసేయబోయింది. 'పన్నెండో నిబంధన. ముగ్గురి అనుమతి కావాలి.' ఆ ముగ్గురూ! ఒక కామా ఎక్కడ పెట్టాలో మూడు నెలలు తేల్చని ముగ్గురు!

"తెరుచుకోవే!" అని బల్ల గుద్దింది. "నేను రాసినవేగా... నేనేగా రాశాను..."

మూడూ ముప్పై ఆరు.

అప్పుడు వినిపించింది. టక్... టక్... మూల నుంచి. గుడ్డ కింద. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్న చప్పుడు.

ఆమె తల తిప్పలేదు.

ఆమె వేళ్ళు 'రిజి' దాకా కొట్టాయి. అవును, కొట్టాయి. ఆ సంగతి ఆమె ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. రిజిస్ట్రారుకు ఇద్దరు పిల్లలు. అయినా వేళ్ళు కొట్టాయి. ఆగాయి. వెనక్కి చెరిపాయి.

టక్... టక్...

చెవి పక్కనే ఊపిరి. చల్లగా. జిగురు వాసన.

"ఖాళీ ఉంచకూడదమ్మా..." గుసగుస. తిట్టినట్టు లేదు. అలిసిపోయినట్టుంది.

మూడూ ముప్పై ఎనిమిది.

ఆమెకు తట్టింది. చచ్చినవాడు మళ్ళీ చావడు కదా! గబగబా కొట్టింది. పాత గ్రంథపాలకుడు.

మూలన టక్‌టక్ ఆగింది.

ఎవరో పెద్ద బరువు దించుకున్నట్టు, పొడుగ్గా ఊపిరి వదిలారు.

యంత్రం ఒప్పుకుంది. పుట పచ్చబడింది. కింద సన్నటి అక్షరాలతో ఏదో రెండు ముక్కలు వచ్చాయి. చదివేలోపు బ్యాటరీ కీచుమని చచ్చిపోయింది.

ఆమె పరుగెత్తిన పరుగు చూసినవాళ్ళెవరూ లేరు గానీ, ఉంటే పందేలు కాసేవాళ్ళు. మైదానం, గుట్ట, మెట్లు. ప్రార్థన మందిరం గుమ్మంలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా సున్నం దుమ్ము. వెనక, నేల మీద, ముక్కలై దీపాల గుత్తి.

ఆమె వాడి ముఖం, చేతులు, తల తడిమింది. ఆ తర్వాత చెంప మీద ఒక్కటిచ్చింది.

"నిచ్చెన జారిందక్కా," అన్నాడు వాడు, చెంప పట్టుకోకుండానే. "సరిగ్గా అప్పుడే ఎవరో ముసలాయన వచ్చి పట్టుకున్నాడు. కళ్ళజోడుకు దారం కట్టుకుని ఉన్నాడు. 'దిగు నాయనా, ఇది నాది' అన్నాడు. నేను దిగానో లేదో... గుత్తి ఆయన మీదే పడింది. గాజంతా ఎత్తి చూశా అక్కా. ఎవరూ లేరు."

"ఇంకేమన్నాడు?"

"పని జాగ్రత్త అన్నాడు."

కరెంటు పని గురించే అనుకుంది వెబ్బక్క.

మర్నాడు ఉపకులపతి అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. నాలుగు వందల పన్నెండు పుటలూ పచ్చనే! రిజిస్ట్రారు చప్పట్లు కొట్టాడు. ఆమె అతని చేతుల వైపు చూడలేకపోయింది. సమావేశం కాగానే కిందికి వెళ్ళి ఆ పుట తెరిచింది. నిన్న చదవలేకపోయిన సన్నటి అక్షరాలు అక్కడే ఉన్నాయి.

'పదకొండో నిబంధన ప్రకారం మార్పిడి పూర్తయింది. ఈ పుటకు బాధ్యుడు: కరెంటు పనివాడు.'

నాలుగో నిబంధన కూడా నిలబడింది. బతికున్నవాడే.

మార్చబోయింది. ముగ్గురి అనుమతి కావాలంది యంత్రం. ముగ్గురి దగ్గరికీ వెళ్ళింది. "పచ్చగానే ఉంది కదమ్మా," అన్నారు ముగ్గురూ. "పందొమ్మిదో సమావేశంలో చూద్దాం."

ఆ సాయంత్రం తమ్ముడు అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తున్నాడు. కంప్యూటరు ఎలా వెలిగించాలో కూడా తెలియనివాడు. వాడి దగ్గర జిగురు వాసన.

"తినరా."

"అక్కా..." అన్నాడు గొంతు తగ్గించి. "ఒక వరుస ఖాళీగా ఉంచితే ఏమవుతుంది?"

తొమ్మిదో నిబంధనలో ఏముందో ఆమె వాడికి ఎన్నడూ చెప్పలేదు.

"ఎవరడిగార్రా నిన్ను?"

వాడు కుడి అరచేయి ఒడిలో దాచుకోబోయాడు. ఆమె మణికట్టు పట్టుకుని లాగింది. అరచేతిలో, ఊదా సిరాతో, వాడిది కాని గుండ్రటి చేతిరాత. తడి ఇంకా ఆరలేదు. రేపటి తేదీ ఉంది. గంట ఉంది.

ఆ తర్వాతి మాట ఆమె చదవకుండా వాడు పిడికిలి బిగించాడు.