మూడువందల పదకొండు మంది తల్లులు

బుధవారం ఉదయం పదకొండు గంటల నాలుగు నిమిషాలకు మాస్టారు కొరియర్ కాగితం మీద సంతకం పెట్టారు. పదకొండూ ఆరుకి లిఫ్ట్ ఎక్కారు. నాలుగో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య చనిపోయారు.

సంతకానికి ఇచ్చిన పెన్నులో సిరా ఉంది. బొటనవేలు ఆనే చోట వెంట్రుకంత సూది కూడా ఉంది.

ఆ భవనం బయట ‘గణాంకాల శాఖ - పాత రికార్డులు’ అన్న బోర్డు ఉంటుంది. లోపల జరిగే పని వేరు. జనం ఆన్‌లైన్‌లో ఏం మాట్లాడుకుంటున్నారో, వాళ్లచేత ఎవరు మాట్లాడిస్తున్నారో కనిపెట్టడం. దానికోసం గోడంత డాష్‌బోర్డ్, బోలెడు సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మాటలు లెక్కపెడుతుంది. మాస్టారు చదివేవారు. ముప్పై ఏళ్లు బడిలో వ్యాకరణం చెప్పి రిటైరైన మనిషిని డిపార్ట్‌మెంట్ ఏరికోరి తెచ్చుకుంది. ఆయన ఫోటో ఏ ఫైల్లోనూ లేదు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన పనేమిటో తెలిసినవాళ్లు ముగ్గురే.

వాళ్లలో ఒకరు ఏజెంట్ మిరపకాయ. నలభై రెండేళ్ల మనిషి. ఆ పేరు కోపం వల్ల వచ్చింది. మారువేషంలో కూరలమ్మే మనిషిలా వెళ్లినా, డాక్టర్‌లా వెళ్లినా ఎవరూ పట్టుకోలేదు గానీ, కోపం వస్తే మాత్రం ముక్కు ఎర్రబడి దొరికిపోతుంది. ఈ ఉద్యోగంలోకి ఆమెను తెచ్చింది మాస్టారే.

“గుండెపోటు అని చెప్పించాం,” అన్నాడు పెద్దాయన బ్రీఫింగ్‌లో. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ను అందరూ అలాగే అంటారు. “ఆస్పత్రిలో పోయినట్టు. లిఫ్ట్ సంగతి ఈ గది దాటకూడదు.”

“దేనికోసం చంపారు సార్?”

“నీళ్ల గురించి ఏదో అంటుండేవాడు. కుళాయి నీళ్లలో విషం కలుస్తోందని ఎవరో పుకారు లేపుతున్నారని.” పెద్దాయన గోడవైపు చెయ్యి ఊపాడు. “బోర్డు చూడు. నీళ్ల టాపిక్ పద్నాలుగో ప్లేసులో ఉంది. అంతా పచ్చగా ఉంది.”

“పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే ఉంటుంది సార్.”

“నోరు జాగ్రత్త.”

“మాస్టారు మీకు రిపోర్ట్ ఎప్పుడిచ్చారు?”

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “సోమవారం.”

రెండు రోజులు. రిపోర్ట్ టేబుల్ మీద, గాజు పేపర్‌వెయిట్ కింద, మడత కూడా విప్పకుండా ఉంది. ఆమె దాన్ని తీసుకుని తలుపు విసిరి వెళ్లిపోయింది. తలుపు మళ్లీ తెరుచుకుంది, అంత గట్టిగా కొట్టింది.

*

గురువారం పొద్దున మాస్టారి ఇల్లు. మూడు గదులు, గోడల నిండా పుస్తకాలు. ఆయన భార్య వంటగది గట్టు తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

“గుండెపోటట,” అంది తల తిప్పకుండానే. “మొన్ననేగా అమ్మాయ్, డాక్టరు ఈ గుండె ఇంకో పాతికేళ్లకి ఢోకా లేదన్నాడు! నాకు అబద్ధం చెప్పడానికి మీ ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. ఒకడు షూ కూడా విప్పలేదు.”

మిరపకాయ ఒక అడుగు ముందుకేసింది. “పిన్నిగారూ, నేను…”

“నువ్వు చెప్పలేవు. తెలుసు. చెప్పకు.” ఆవిడ తడిగుడ్డ విసిరేసింది. “రాత్రీ పగలూ ఎవరెవరి రాతలో ఎక్కించుకునేవారు ఈ నోట్‌బుక్‌లో. తీసుకెళ్లు. చంపినవాణ్ని పట్టుకుంటే నాకు కబురొద్దు. వాడి మొహాన నా తరఫున ఒకటి పెట్టు, చాలు.”

గీతల నోట్‌బుక్. మాస్టారు ఒక్కో పోస్టునీ చేత్తో రాసుకుని, పరీక్ష పేపర్లలాగా ఎర్ర సిరాతో దిద్దారు.

అన్నీ తల్లులు రాసినవి. పిల్లల డాక్టర్ల గ్రూపులో ఒకామె, మొక్కల గ్రూపులో ఒకామె, స్కూల్ బస్సుల గ్రూపులో ఒకామె. ‘కుళాయిది తాగాక నా కుమార్తెకు వాంతులు.’ ‘నా భర్త యొక్క తల్లి మంచాన పడింది.’ ‘శుక్రవారం పది గంటలకు మేము అందరం ప్లాంట్ గేటు దగ్గర కలుద్దాం.’

‘నా కుమార్తె’ కింద ఎర్రగీత: ఏ తల్లి అంటుంది ఇలా? ‘మా పాప’ అంటుంది. ‘నా భర్త యొక్క తల్లి’ కింద రెండు గీతలు: ‘మా అత్త’ అనడానికి నోరు రాలేదా తల్లీ? ‘మేము కలుద్దాం’ చుట్టూ సున్నా: మనం! మనం! ఒకటో క్లాసు తప్పు!

చివరి పేజీలో లెక్క. మూడువందల పదకొండు అకౌంట్లు. ఒకే చేతి తప్పులు. ఈ భాషను పుస్తకంలో నేర్చుకున్న పరాయి దేశపు ముఠా. ‘నీళ్లు’ అన్న మాటే వాడరు. ‘కుళాయిది’, ‘పట్టింది’, ‘మందు కలిపింది’ అంటారు. అందుకే బోర్డుకి కనపడలేదు. కానీ ఆ మూడువందల పదకొండు మందికి కింద జవాబులిచ్చిన వేలమంది మాత్రం అసలు తల్లులే. భయంతో వణుకుతున్నవాళ్లు. శుక్రవారం నీళ్లు శుద్ధిచేసే ప్లాంట్‌కి వస్తామని మాటిచ్చినవాళ్లు.

మిరపకాయ మెట్ల మీదే కూర్చుని నోట్‌బుక్ మొత్తం చదివింది. పిల్లల మీద తల్లికుండే భయాన్ని ముడిసరుకుగా వాడుకునేవాళ్లని ఏం చెయ్యాలి? పళ్లు నూరింది. దవడ నొప్పి పుట్టింది.

మాస్టారి గురించి తెలిసిన ముగ్గురిలో పెద్దాయన ఒకడు, తను ఒకతి. మూడో మనిషి ముత్యం.

*

నగరంలో ముత్యం మొహం తెలియనివాళ్లు లేరు. రోజూ సాయంత్రం ఆమె ఆన్‌లైన్ చర్చ నడిపితే ఐదు లక్షలమంది చూస్తారు. మెడలో మూడు వరుసల ముత్యాలు. ఆమె డిపార్ట్‌మెంట్‌కి రహస్య ఏజెంట్ కూడా. ఆ ముఠాలో చేరి కబుర్లు తెచ్చేది. ఇటు కబుర్లు అటు మోస్తోందేమోనన్న అనుమానం మిరపకాయకి ఆ మెట్ల మీదే పుట్టింది.

మధ్యాహ్నం స్టూడియో మేకప్ గదిలోకి కొత్త హెయిర్‌డ్రెస్సర్ వచ్చింది. లావు కళ్లజోడు, నోట్లో పిన్నులు.

“జడ వెయ్యాలా మేడమ్, ముడి వెయ్యాలా?”

అద్దంలో ముత్యం కళ్లు మెరిశాయి. “ఇవాళ విరబోసుకుంటా.” కోడ్ సరిపోయింది. “నువ్వా! గుర్తే పట్టలేదు. ఏంటి ఇంత అర్జెంట్?”

“మాస్టారు పోయారు.”

“అయ్యో, విన్నాను. పాపం, లిఫ్ట్‌లో ఒంటరిగా…”

మిరపకాయ చేతిలో దువ్వెన ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ దువ్వింది. బయట అందరికీ చెప్పింది ఆస్పత్రి అనే. జుట్టు పట్టుకుని ఆ తలని అద్దానికేసి కొట్టాలన్నంత కోపం వేళ్లదాకా వచ్చి ఆగింది. ఇప్పుడు అరెస్ట్ చేస్తే ముఠా ప్లాన్ తెలియదు. ఆమె నోట్లోంచి ఒక పిన్ను తీసి, ముత్యం చెవి వెనక జుట్టులో జాగ్రత్తగా గుచ్చింది. పిన్ను చివర ఆవగింజంత మైక్రోఫోన్.

“నీ ముక్కెందుకు ఎర్రగా ఉంది?” అంది ముత్యం.

“జలుబు మేడమ్.”

ఆఫీసుకి వచ్చి ఆ మూడువందల పదకొండు పేర్లనీ ఒక్కొక్కటే యంత్రంలోకి ఎక్కించి, అవి తనకి వినపడకుండా వాటి నోరు నొక్కేసింది. మిగిలినవన్నీ అసలు మనుషుల మాటలు. వాటిని చదివి వినిపించే చెవి మెషీన్‌కి కలిపింది. ప్లాంట్ చుట్టూ కిలోమీటరులో ఎవరు ఏ పోస్టు పెట్టినా ఇక ఆమె చెవిలో వినపడుతుంది.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకి పిన్ను పలికింది. ముత్యం గొంతు, ఫోన్లో:

“గేటు పదింటికి విరుగుతుంది. గుంపు మొత్తం లోపలికొచ్చాక, పదీ పదికి క్లోరిన్ వాల్వు తిప్పండి. ప్రభుత్వమే గ్యాస్ వదిలిందని నేను లైవ్‌లో ఏడుస్తా. సాయంత్రానికి దేశం తగలబడుతుంది.”

రికార్డింగ్ విన్న పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. “ఫోర్స్ పంపుతాను. కానీ ఆ రోడ్లన్నీ జనమే. నలభై నిమిషాలైనా పడుతుంది.”

“సోమవారం చదివుంటే నాలుగు రోజులుండేవి సార్,” అంది మిరపకాయ ఫోన్లో. ఆమె అప్పటికే ప్లాంట్ లోపల ఉంది. ఖాకీ కోటు, చేతిలో సీసాల స్టాండు. నీళ్ల శాంపిల్ తీసే మనిషి. “స్టూడియోకి మనుషుల్ని పంపండి. ముత్యం ఎక్కడికీ పోకూడదు.”

గేటు బయట నాలుగు వేలమంది. చంకల్లో పిల్లలు, చేతుల్లో ఖాళీ బాటిళ్లు. గుంపుని చూసి ప్లాంట్ స్టాఫ్‌లో సగం మంది వెనక గోడ దూకేశారు. మిగిలినవాళ్లు గేటుకి లోపల్నుంచి బెంచీలు అడ్డం పెడుతున్నారు. క్లోరిన్ షెడ్లు మూడు. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి. ఒకదాన్నుంచి ఇంకోదానికి పరిగెత్తాలంటే ఐదు నిమిషాలు. తను ఒక్కతి.

చెవిలో గొంతులు పోటెత్తాయి.

‘కాళ్లు కాలిపోతున్నాయి. ఎవరైనా నీడలో చోటివ్వండి.’

‘మా బుడ్డోడి ఎడమ చెప్పు పడిపోయింది, నీలం రంగు, దొరికితే చెప్పండి.’

‘మా ఆయన ఫోనెత్తట్లేదు, ఎక్కడ చచ్చాడో.’

గేటు కిర్రుమంది. పది కావడానికి నాలుగు నిమిషాలు.

‘వెనక గోడ దగ్గర పంపుల రిపేరు వ్యాన్ ఆగింది. దిగినాయన మొహానికి పందిమూతిలాంటి మాస్కు. మనకి నీళ్లు పడవు సరే, ఈయనకి గాలి కూడా పడదా?’

ఆ పోస్టుకి లైకులు సున్నా. బోర్డు లెక్కలో దాని విలువ కూడా సున్నా.

మిరపకాయ పరుగు లంకించుకుంది. వెనక గోడ పక్కన మూడో షెడ్డు. సగం దూరంలో ఉండగా తన వెనకనుంచి గేటు విరిగిన చప్పుడు వినపడింది. ఆ వెంటే నాలుగు వేలమంది అరుపు.

షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల మనిషెత్తు సిలిండర్లు వరసగా పడుకుని ఉన్నాయి. మాస్కు మనిషి స్పానర్ పట్టుకుని వంగి ఉన్నాడు. చేతికి కొరియర్ కంపెనీ నీలం బ్యాండు ఇంకా ఉంది.

“ఒరేయ్!”

వాడు తిరిగేలోగా సీసాల స్టాండు వాడి భుజానికి తగిలి పగిలింది. వాడు స్పానర్‌తో కొట్టిన దెబ్బకి ఆమె ఎడమ చెయ్యి మొద్దుబారింది. మోకాళ్ల మీద పడింది. వాడు మళ్లీ వాల్వు దగ్గరికి వెళ్లాడు. ఒక చుట్టు బిగువు వదిలింది. సన్నగా సుయ్యిమన్న చప్పుడు. ఘాటు. కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది.

కొట్టి గెలవలేనని ఆమెకి అర్థమైంది. లేచి వెనకనుంచి వాడి మీదికి దూకి, కుడి చేతి వేళ్లు మాస్కు పట్టీలో దూర్చి, ఉన్న కోపమంతా ఉపయోగించి లాగింది. మాస్కు ఊడొచ్చింది. గుమ్మందాకా వెనక్కి నడిచి, దాన్ని షెడ్డు కప్పు మీదికి విసిరేసింది.

“ఇప్పుడు తిప్పరా!”

వాడి చెయ్యి వాల్వు మీదే ఉంది. వాడు కప్పువైపు చూశాడు. వాల్వు వైపు చూశాడు. దగ్గాడు. నాలుగు వేలమందిని చంపడానికి వచ్చినవాడు తనొక్కడు చావడానికి తయారుగా లేడు.

“కట్టెయ్! నీ చేత్తోనే కట్టెయ్!”

వాడు స్పానర్ తగిలించి, ఏడుస్తూ, దగ్గుతూ వాల్వు బిగించాడు. సుయ్యిమన్న చప్పుడు ఆగింది. గడియారంలో పదీ పది.

అప్పుడు ఆమె వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. “ఇది పిన్నిగారి తరఫున.”

గుంపు షెడ్డు ముందుకొచ్చేసింది. ముందు వరసలో పాపని ఎత్తుకున్న ఒక తల్లి, చేతిలో ఇటుకరాయి. “ఎవరు మీరు? ఏం కలుపుతున్నారు మా పిల్లల నీళ్లల్లో?”

మిరపకాయ కోటు జేబులో మిగిలిన ఒక్క సీసా తీసి, షెడ్డు పక్క కుళాయి తిప్పి, నింపి, గటగటా తాగేసింది. “ఏమీ కలపట్లేదమ్మా. నీళ్లల్లో ఏమీ లేదు. మిమ్మల్ని ఇక్కడికి రప్పించడానికి ఆ మాట పుట్టించారు. ఇదిగో, వీడు మాస్కు వేసుకుని వచ్చాడు. మీకు, మీ పాపకి ఒకటి తెచ్చాడేమో అడగండి!”

ఆ తల్లికి ఘాటు తగిలింది. పాప దగ్గింది. ఆమె సిలిండర్ల వరస చూసింది, వాణ్ని చూసింది. మొహం పాలిపోయింది, వెంటనే ఎర్రబడింది. ఇటుక పట్టుకున్న చెయ్యి పైకి లేచింది. ఆమె వెనక ఇంకో వంద చేతులు.

వదిలేస్తే రెండు నిమిషాల పని. మిరపకాయకి వదిలెయ్యాలనే ఉంది. లిఫ్ట్‌లో ఒంటరిగా పడి ఉన్న ముసలాయన కళ్ల ముందు కదిలాడు. ఆమె ఊపిరి బిగబట్టి, వాడికి బేడీలు వేసి, తన వెనక్కి లాక్కుంది.

“వీడు మాట్లాడాలి. పంపినవాళ్ల పేర్లు చెప్పాలి. మీరు పిల్లల్ని తీసుకుని గాలికి ఎదురుగా నడవండి. తోసుకోకండి!”

ఆ తల్లి ఇటుక కింద పడేసింది. “విన్నారుగా! పదండి, మెల్లగా!” అని గుంపు మీద కేకలేసింది. అంత పెద్ద గొంతు ఆ మనిషిలో ఉందని ఎవరూ అనుకోలేదు.

స్టూడియోలో ముత్యం దొరికింది. కళ్లకి గ్లిజరిన్ రాసుకుని, తెల్లచీర కట్టుకుని, కెమెరా ముందు సిద్ధంగా కూర్చుని ఉంది. ఎదుట తెర మీద చదవాల్సిన సంతాప ప్రసంగం టైప్ చేసి ఉంది. చనిపోయినవాళ్ల సంఖ్య దగ్గర మాత్రం ఖాళీ వదిలారు. 

శనివారం పిన్నిగారింటికి వెళ్లి, షూ బయట విప్పి, నిజం మొత్తం చెప్పింది. డిపార్ట్‌మెంట్ అనుమతి అడగలేదు. తర్వాత ఆఫీసుకి వచ్చింది, చెయ్యి కట్టుతో.

పెద్దాయన బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. గొంతు తగ్గింది. “తప్పు నాది. రాజీనామా రాశాను.”

“మంచిది సార్. ఈసారి పేపర్‌వెయిట్ కింద పెట్టకండి.”

బోర్డు మీద నీళ్ల టాపిక్ మొదటి స్థానంలో ఎర్రగా వెలుగుతోంది. పెద్దాయన కంగారుపడ్డాడు. “మళ్లీ మొదలెట్టారా?”

మిరపకాయ కుర్చీ లాక్కుని ఒక్కో పోస్టూ చదివింది. ప్లాంట్‌లో గొడవ వల్ల నిన్న నీళ్లు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాయట. పన్నెండు వేలమంది తిడుతున్నారు. ‘మా అత్త స్నానానికి నీళ్లు లేక ఇల్లు పీకి పందిరేస్తోంది.’ ‘ప్లాంట్‌లో ఖాకీ కోటు వేసుకున్న ఆవిడెవరో ఉన్న నీళ్లన్నీ తనే తాగేసిందట, సిగ్గులేదూ!’

“కంగారేం లేదు సార్,” అంది ఆమె, మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతూ. “వీళ్లంతా మనవాళ్లే.”