గంజి పట్టిన అద్దాలు

మహబూబ్‌నగర్ స్టేషన్‌లో రైలు దిగిన మనిషి సోడా తాగాడు, రెండడుగులు వేశాడు, కూలిపోయాడు. ఎండదెబ్బ అనుకున్నారంతా. పాలమూరు మే నెల ఎండ మరి, ఇంకెవరినైనా అనుమానించనిస్తుందా? కానీ సోడాలో విషం ఉంది. ప్రాణం పోయే ముందు ఆ మనిషి ఒక్క మాటే అన్నాడు: "దేవరకొండ... అద్దాలు."

ఆ సాయంత్రమే హైదరాబాదులో కర్నల్ తలుపులు మూయించాడు.

"ఏజెంట్ ఐలేశం, పోయింది మన మనిషి. దేవరకొండ దగ్గర రఘుపతి అనే సైంటిస్ట్ ఎండతో ఇల్లు చల్లబరిచే మెషిన్ చేశాడు."

"ఎండతో చల్లగనా సార్?"

"కప్పు మీది అద్దాలు ఎండనంతా ఒక ఇనుప డ్రమ్ము మీదికి తోస్తాయి. డ్రమ్ములో నీళ్లు, అమ్మోనియా. అమ్మోనియా ఆవిరై, తొట్టి నీళ్లలో చల్లారి ద్రవమై, గదిలోని గొట్టాల్లో మళ్లీ ఆవిరవుతూ అక్కడి వేడినంతా పీల్చేస్తుంది. కరెంటు అక్కర్లేదు. రేపే ప్రదర్శన. గెలిస్తే ప్రతి దవాఖానకూ, ప్రతి పేద ఇంటికీ చల్లదనం. కూలర్లు అమ్ముకునే విదేశీ ముఠాకు అది గిట్టడం లేదు. అందరి కళ్ల ముందూ పేల్చేయాలని వాళ్ల ప్లాన్."

"అక్కడ మనవాళ్లున్నరా?"

"ఏజెంట్ లీల. భువనగిరి నేతవాళ్ల పిల్ల. రఘుపతి తల్లి దగ్గర కండెలు చుట్టే పనిలో చేరింది. ఆమె ‘జర గొంగడుంటదా’ అంటే, నువ్వు ‘మంచు కురిసినంక ఇస్త’ అనాలి."

తెల్లారి నూలు మూట నెత్తిన పెట్టుకుని ఐలేశం రఘుపతి ఇంటి వీధిలోకి నడిచాడు. చేతికి రేడియో వాచీ, జేబులో సూది పేల్చే ఫౌంటెన్ పెన్. మలుపులో జీపు ఆపి, డ్రైవర్ హమీద్ బీడీ ముట్టించాడు.

వీధి పొడవునా పడుగు సాచి ఉంది. గంజి పట్టించిన నూలు పోగులు ఎండలో మెరుస్తున్నాయి. మిగిలిన గంజి పెద్ద కుండలో అరుగు పక్కనే ఉంది. ఐలేశం కూడా మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాడే. ఆ వాసనకు ఒక్క క్షణం తన తల్లి గుర్తొచ్చింది.

అప్పుడే రఘుపతి ఇంటి కప్పు మీది నుంచి ఒకామె గబగబా దిగింది. ముతక చీరలోనూ దాగని అందం. చేతిలో మూట. వాకిట్లో అతన్ని చూసి నవ్వింది, పడుగు మీద నుంచి చెప్పుకాలుతో ఒక్క అంగలో దాటి వచ్చింది.

"జర గొంగడుంటదా?"

ఐలేశం చూపు ఆమె చెప్పుకాలి మీదే ఆగింది. ఇల్లు కాలిపోతున్నా నేతింటి బిడ్డ పడుగును చుట్టి పోతుందే గానీ దాటదు. అది అన్నం పెట్టే నూలు. నడక నేర్పేటప్పుడే తల్లి నేర్పే మాట అది. ఈ లీల నేతవాళ్ల పిల్ల కాదు, ముఠా మనిషి.

"మర్చిపోయినవా?" అంది ఆమె.

"నేను మర్వలే. నువ్వే నేర్వలే. భువనగిరిల ఏ ఇంటి పిల్లవు?"

నవ్వు ఆగిపోయింది. చెయ్యి జడలోని పిన్ను వైపు పోయింది. ఐలేశం పెన్ను తీసేలోగా హమీద్ వెనక నుంచి వచ్చి ఆమె మణికట్టు పట్టేశాడు. పిన్ను కింద పడింది. దాని కొన నల్లగా ఉంది.

"అస్సలాం, మేడమ్," అన్నాడు హమీద్. "స్టేషన్ల సోడా కొట్టు మీదేనా?"

"లేటయ్యారు," అందామె చల్లగా. "డ్రమ్ము సేఫ్టీ వాల్వ్ సీసం పోసి మూసేశాను. అద్దాలు తిప్పే హ్యాండిల్ బావిలో ఉంది. నా బాంబుకు గడియారం లేదు. సూర్యుడే ఉన్నాడు."

హమీద్ ఆమె చేతులు కట్టేస్తుండగా ఐలేశం లోపలికి దూకాడు. అమ్మా, ఏం చల్లదనమది! రఘుపతి తల్లి లక్ష్మీనర్సమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని హాయిగా నేస్తోంది.

"పెద్దమ్మా, బయటికి నడువు! ఇల్లు పేలుతది!"

"గీ ఎండల యాడికి పొమ్మంటవ్ బిడ్డా? గిన్నేండ్లకు చల్లగ కూసున్న. సావొస్తే గీడికే రమ్మను."

"నీ కొడుకేడి?"

"మీదనే ఉన్నడు. జర బువ్వ తిని గిప్పుడే ఎక్కిండు. గా డ్రమ్మును ఇడిసి ఎంతసేపుంటడు?"

ఐలేశం నిచ్చెన ఎక్కాడు. రఘుపతి వాల్వ్‌ను పట్టకారుతో పీకుతున్నాడు, చేతులు బొబ్బలెక్కాయి. మీటరు ముల్లు ఎర్ర గీతను తాకింది. డ్రమ్ము సన్నగా మూలుగుతోంది.

"అద్దాలు పలగ్గొట్టు!" అని అరిచాడు రఘుపతి. అంటూనే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎన్నో ఏళ్ల కష్టం మరి.

"పలగ్గొడితే వాళ్లే గెలిచినట్టు! హమీద్ భాయ్, గంజి కుండ!"

"క్యా?"

"గంజి! జల్ది!"

కుండ నిచ్చెన మీదుగా పైకి వచ్చింది. ఐలేశం రెండు చేతులతో గంజి ముంచి అద్దాల మీద కొట్టాడు. ఒక అద్దం మసకబారింది. రెండోది. డ్రమ్ము అతుకు దగ్గర సన్నగా బుస్సుమంది, ముక్కు మండే వాసన. మిగిలిన గంజినంతా ఒక్కసారి విసిరాడు. కప్పు మీద వెలుగు ఆరిపోయింది. ముల్లు వణికింది, నిలిచింది, మెల్లగా వెనక్కి జారింది.

రఘుపతి అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వాల్వ్ బాగు చేసి, అతుకు బిగించి, అద్దాలు కడిగేసరికి కర్నల్ పెద్దలందరినీ వెంటబెట్టుకుని రానే వచ్చాడు. ప్రదర్శన ఆగలేదు. కాకపోతే హ్యాండిల్ బావిలో ఉంది కదా, దాని పళ్లచక్రం విప్పేసిన అద్దాలను సూర్యుడి వైపు భుజంతో తోసేవాడొకడు కావాలి. ముఠాను పట్టిన ఏజెంట్ ఐలేశం నెత్తిన తడిగుడ్డ వేసుకుని, కాలుతున్న కప్పు మీద అద్దాలు తోస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి కింది నుంచి కర్నల్ గొంతు వినిపించింది. "జర గొంగడుంటదా?"

ఐలేశం ఉలిక్కిపడి పెన్ను తీశాడు. "మంచు కురిసినంక ఇస్త!"

"కోడ్ కాదయ్యా," అన్నాడు కర్నల్, పళ్లు టకటకలాడిస్తూ. "నిజంగానే చలి పెడుతోంది!"