పరాయి సత్తువ

తన ఒంట్లో పారుతున్న సత్తువలో సగానికి పైగా వేరే మనిషిదని తెలిసేసరికి నూకరత్నం ఓడ కడుపులోంచి ఇనుప పెట్టెను పైకి లాగుతోంది. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తున, క్రేన్ గదిలో ఒంటరిగా ఉంది.

ఎదురుగా సత్తువదర్పణం మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. ‘సొంత దేహం: లోటు. పట్టీ నిలవ: పొంగు. మూలం: పరదేహం.’ ఆ కిందే ఇంకో వరుస వచ్చింది. ‘పెట్టె దించి కిందికి రండి.’

పెట్టెను గట్టు మీద తిన్నగా దించింది. చేతులు వణకలేదు. వణకడానికి అవి అలసి ఉండాలి కదా.

ఆ అద్దాన్ని ఆ ఉదయమే బిగించి వెళ్లారు, ఆమె సీటెక్కి పని మొదలుపెట్టాక. సొంత సత్తువనూ అరువు సత్తువనూ విడదీసి చూపే పరికరం అంతకు ముందు రేవులో లేదు. ఉండి ఉంటే మూడు వారాల కిందటే దొరికిపోయేది.

విశాఖకు ఉత్తరాన, సముద్రం మీద కట్టిన తేలుడు రేవు అది. అక్కడే కాదు, దేశంలో మణికట్టుకు సత్తువపట్టీ లేని మనిషి లేడు. తిన్న తిండిలోంచి, పడుకున్న నిద్రలోంచి ఒంట్లో పుట్టే శక్తిలో మిగులును అది దాచుకుంటుంది. లోటు పడ్డ క్షణాన నరాల్లోకి వదులుతుంది. పట్టీలు వచ్చాక మధ్యాహ్నపు కునుకు పోయింది. వాకిట్లో నులకమంచాలు పోయాయి. ‘అలిసిపోయాను’ అనే మాట ముసలివాళ్ల నోటనే మిగిలింది. సెలవు కావాలంటే నోరు తెరిచి అడగనక్కర్లేదు, అడిగినా లాభం లేదు. పట్టీలో లోటు కనిపిస్తే సెలవు, లేకపోతే పని.

పట్టీలకు లొంగనిది వసంతపు ముంగిలి ఒక్కటే. చలి తగ్గి ఎండ ముదిరే ఫాల్గుణంలో పగలు సాగుతుంది, ఒళ్లు మాత్రం చలికాలపు వాడుకలోనే ఉండిపోతుంది. నిద్ర చాలదు, తిండి సహించదు, నిలవలు అడుగంటుతాయి. దాన్ని వసంతలోటు అన్నారు. పట్టీకి పట్టీ ఆనిస్తే ఒకరి సత్తువ ఇంకొకరికి పారుతుంది. మొదట్లో ఏటా ఆ నెలలో కన్నవాళ్లు పిల్లలకూ, భార్యలు భర్తలకూ పోసి పోసి కుప్పకూలిపోయారు. అందుకే వసంత నిషేధం వచ్చింది. ఉగాది వెళ్లేదాకా ఎవరి సత్తువ వాళ్లదే. ఆ రోజుల్లో పొంగుతున్న పట్టీ కనిపిస్తే, ఆ మనిషిని దొంగ అనే అనుకుంటారు.

నూకరత్నం క్రేన్ లిఫ్టు దిగి గట్టు వెంట నడిచింది. తాళ్లు సర్దుతున్న జట్టు సగం కళ్లు మూసుకునే ఆమెను చూసింది.

“ఏటి రత్నం, మేమందరం వాడిపోయిన తోటకూర కాడలమైపోతే నువ్వొక్కదానివే నవనవలాడతన్నావనుకున్నాం,” అన్నాడు జట్టుమేస్త్రి. “ఎవుడి సేను మేసినావేటి?”

ఆమె వాళ్లను దాటుకుని నడిచింది. ఈ మూడు వారాలూ తన ఒంటి గట్టిదనాన్ని చూసి తనే మురిసిపోయింది. తూలుతున్న వాళ్లను చూసి ‘మూలగండి, మూలగండి’ అని నవ్వింది కూడా.

సత్తువ శాఖ పరీక్షాధికారి తులసీరామ్ కడప వైపు మనిషి, ఈ రేవుకు కొత్త. తన గదిలో ఆమెను కూర్చోమని, మణికట్టు చూశాడు.

“ఎవరి దగ్గర తీసుకున్నారమ్మా?”

“తీసుకోనేదు బాబూ. తెలీదు.”

“మూడు వారాలుగా ఇంకొకరి బలం మీద నడుస్తూ తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?”

“నా పట్టీలోనే ఉంటాది కదేటి, ఎవుడిచ్చాడో.”

“ఉండదు.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకూ వసంతలోటే, మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. “ఇచ్చినవాడి పేరు బయటపడకూడదని పట్టీ చేసినవాళ్లే ఏర్పాటు చేశారు. గుప్తదానం కదా. దానం చేసేవాడు ఉంటాడనుకున్నారు, దోచుకునేవాడు ఉంటాడనుకోలేదు.”

“ఇప్పుడు నన్నేటి సెయ్యమంటారు?”

“పొద్దు గూకేలోగా ఇచ్చినవాళ్లు వచ్చి, నేనే ఇచ్చానని తమ నోటితో చెప్పాలి. చెప్పకపోతే దొంగతనం కింద రాస్తాను. క్రేన్ అనుమతి రద్దవుతుంది. మళ్లీ ఏ రేవులోనూ ఇవ్వరు.”

నూకరత్నం చేపల గంపలు మోసే ఇంట్లో పుట్టింది. ఆ గాజుగదిలో సీటు కోసం పదేళ్లు గట్టు మీద కొక్కేలు తగిలించింది. ఆ సీటు పోతే ఆమెకు ఇంకో పని తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

మొదటి అనుమానం మొగుడి మీదకే పోయింది. కామేశు రేవు భోజనశాలలో వంటవాడు. కబురు వెళ్లగానే గరిటె చేత్తోనే వచ్చాడు.

“నీ పట్టీ సూపించు,” అంది.

“దొంగతనం నువ్వు సేసి పట్టీ నన్ను సూపించమంటావేటే?” అంటూనే చెయ్యి చాపాడు. తులసీరామ్ పరీక్షించాడు. అందరికీ ఉన్న లోటే, ఒక్క బొట్టు కూడా బయటికి పోయిన గుర్తు లేదు.

“నానివ్వాలంటే ఇది నా పక్కన తొంగోవాలి కదా బాబూ,” అన్నాడు కామేశు. “మూడు వారాలై దీనికి నిద్దరే నేదు. తెల్లార్లూ గోడలకి రంగులేస్తాది, అటకలు దులుపుతాది. అమ్మోరు పూనిందేమోనని మా యమ్మ యేపమండలు కూడా తెచ్చింది. ఎవుడో మారాజు ఇచ్చాడన్నమాట. ఎవుడైనా సరే, ఆపమనండి. నాకు నిద్దర పడతాది.”

అతను వెళ్లిపోయాడు. నూకరత్నం తన మణికట్టు వంక చూసుకుంటూ ఉండిపోయింది. పారాలంటే పట్టీకి పట్టీ తగలాలి. తగిలి నాలుగు ఊపిరుల సేపైనా ఉండాలి. మొగుడు కాదు. అత్త ఊర్నించి ఎప్పుడో గానీ రాదు. రోజూ తన చేతిని ఇంకెవరు తాకుతున్నారు?

తెలిసింది.

తేలుడు రేవులో నియమావళికెక్కని ఆచారం ఒకటుంది. అలలకు రేవు ఎప్పుడూ కాస్త ఊగుతూనే ఉంటుంది కాబట్టి క్రేన్ పిడి మీద మనిషి చెయ్యి లేని క్షణం ఉండకూడదంటారు. యంత్రానికి తాళం ఉంది. అయినా అక్కడివాళ్లు దాన్ని నమ్మరు. పని దిగే మనిషి పిడి పట్టుకునే ఉంటాడు. ఎక్కే మనిషి ఆ చేతి మీద తన చెయ్యి వేస్తాడు. బరువు కుదురుకున్నాక కింది చెయ్యి మెల్లగా జారుకుంటుంది. దాన్ని పిడి అప్పగింత అంటారు. ఆ కాసేపూ రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

రోజూ పొద్దుట ఆమెకు పిడి అప్పగించేది గవరయ్య. రాత్రి పని ఆయనది. ఆమెకు క్రేన్ నేర్పినవాడూ ఆయనే. కొన్నాళ్లుగా ఆయన చెయ్యి వెంటనే జారడం లేదు. వయసు మీద పడిందనుకుంది. పోయిన వారం వేళాకోళం కూడా ఆడింది. “ఏటి బాబాయ్, సెయ్యి తియ్యవేటి? పిడి నీ పెళ్లామనుకున్నావేటి?” అంది. ఆయన నవ్వి దిగిపోయాడు. ఆయన పెళ్లాం సన్నెమ్మ మాఘంలో పోయిందన్న సంగతి ఆ మాట అన్న చాలాసేపటికి గానీ ఆమెకు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా, బాబాయ్ గట్టోడే కదా, బాగానే ఉన్నాడు కదా, అనుకుంది.

నిషేధంలో ఇవ్వడమూ నేరమే. పేరు చెబితే ఆయన పిడి పోతుంది. చెప్పకపోతే తనది పోతుంది.

“బాబూ, మనిసి పేరు నాను సెప్పను,” అంది తులసీరామ్‌తో. “తీసుకెల్తాను. సెప్పేదేదో ఆ మనిసే సెప్తాడు. సెప్పకపోతే మీ ఇష్టం.”

రేవు చివర పనివాళ్ల గదులున్నాయి. దారి పొడుగునా జనం గోడలకు చేరబడి నడుస్తున్నారు. ఆమె ఒక్కతే చకచకా పోతోంది. రొప్పుతూ వెనకబడ్డ అధికారి కోసం రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

గవరయ్య గది తలుపు తీసే ఉంది. ఆయన గుమ్మానికి కాస్త లోపల, చాప మీద వెల్లకిలా పడున్నాడు. పక్క గది బంగారమ్మ ఆయన తల దగ్గర గిన్నెతో కూర్చుని ఉంది. ఆయన ముఖం తడిగా ఉంది. నూకరత్నాన్ని చూసి లేవబోయి, మోచెయ్యి నిలవక మళ్లీ ఒరిగిపోయాడు.

“బాబాయ్,” అందామె. చాప పక్కన కూలబడింది.

తులసీరామ్ మోకాళ్ల మీద కూర్చుని పట్టీ చూశాడు. “దాదాపు ఖాళీ. ఇలాగే ఉంటే ప్రమాదం. ముందు ఇది నింపాలి.” సంచీలోంచి నింపుడు గొట్టం తీశాడు. తీసి ఆగాడు. “పెద్దాయనా, భయపడకుండా చెప్పండి. ఈమె మీ దగ్గర బలవంతంగా తీసుకుందా?”

గవరయ్య రెండో చెయ్యి ఈడ్చుకొచ్చి పట్టీ మీద మూతలా పెట్టాడు. పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

“ఆ పిల్లకేటీ తెల్దు బాబూ. నానే సేసినాను. ఈ పట్టీ ఊడి రాదు, సత్తువ సముద్దరంలో పారబోద్దామంటే ఒప్పదు. మనిసి ఒళ్లే కావాలంటాది. పొద్దుటే నా సేతికందే మనిసి ఇదొక్కర్తే. దానికి ముప్పొస్తాదని నానెరగను. ఎరిగుంటే సెయ్యను.

మా సన్నెమ్మ మాగంలో పోనాది. కాల్చొచ్చి కూకుంటే, కూకోనేకపోనాను. కాళ్లు వాటంతటవే లేచీసినాయి. పెద్దకర్మ నాడు విస్తళ్లన్నీ నానే ఎత్తాను. గవరయ్య గట్టోడు అన్నారందరూ. సెలవడిగితే పట్టీ సూసి, లోటు నేదు, ఎక్కు అన్నారు. ఎక్కాను. పెట్టెలెత్తాను, దించాను. పెళ్లాం సచ్చిపోతే ఇలాగ పెట్టెలెత్తుకుంటన్నానంటే నానేటి మనిసినా, మరేటైనానా అనిపించినాది. ఏడుద్దామనుకుంటే గొంతు దాకా వొచ్చీది. అంతలో ఈ పట్టీ నరాల్లోకి ఏదో ఒగ్గీసీది. ఎనక్కి దిగిపోయీది.

మా నాయన పోయినప్పుడు మాయమ్మ నేలమీద పడిపోయి మరి లేవనేదు. ఊళ్లో ఆడోళ్లంతా వొచ్చి తల దువ్వీవోరు, ముద్ద కలిపి నోట్లో ఎట్టీవోరు. మనిసి పడితేనే కదా బాబూ పదిమందీ వొచ్చి కూకుంటారు. నాను పడనేదు. నిలబడున్నోడి కాడికి ఎవుడొస్తాడు?

పాల్గునం వొచ్చినాది. అందరూ వాలిపోతన్నారు. ఈ మందలో నాను కూడా వాలిపోతే ఎవుడికీ అనుమానం రాదనుకున్నాను. పొద్దుట ఆ పిల్లకి పోసీడం, గదికొచ్చి తలుపేసుకుని తొంగోడం. రాత్రికి పెట్టెలెత్తే పాటి మళ్లీ ఊరీది, పిడి మీద ఏనాడూ తప్పు సెయ్యనేదు. కానీ తలుపేసుకుని తొంగుంటే ఏడుపు రానేదు బాబూ. గోడలు సూస్తా ఉండీవోణ్ణి.

ఈ పొద్దు గది దాకా కూడా రానేకపోనాను. గుమ్మంలోనే పడిపోనాను. ఈ బంగారమ్మ సూసి, లోపలికి లాగి, అచ్చం మా సన్నెమ్మ కాసినట్టే సోడంబలి తెచ్చి, ‘ఏటి మావా, సన్నెమ్మత్త గుర్తొచ్చినాదేటి’ అన్నాది. సన్నెమ్మ పోనాక ఆ మాట నన్నడిగినోళ్లు నేరు. అప్పుడొచ్చినాది ఏడుపు. ఇదిగో, మీరొచ్చీదాకా అదే పని.

ఏ శిచ్చ ఎయ్యాలో ఎయ్యండి. పిడి తీసీసుకోండి. ఆ గొట్టం ఒకటీ ఇప్పుడెట్టకండి బాబూ, ఎట్టినారంటే లేచి కూకుంటాను. నానింకా సన్నెమ్మ అంబలి కాడే ఉన్నాను. దాని మొకం దాకా ఎల్లనేదు.”