వారానికి ఒక్క నోటే

"లేదు అనే ముందు ఒక్కసారి చూడండి. ఇప్పటికి మూడు షాపుల వాళ్ళు చూడకుండానే లేదన్నారు."

అద్దం కింది సందులోంచి ఆరు నోట్లు లోపలికి తోసి, ఆ అమ్మాయి తడిసిన చున్నీ కొస పిండుకుంది. బయట మలేసియాలోని క్లాంగ్ ఊరి లిటిల్ ఇండియా బజారు మొత్తం వానలో నానుతోంది. కౌంటర్ వెనకున్న కిషేన్ చూడమన్నవాటిని చూడలేదు. నోట్లు వదిలేసి, నోట్లిచ్చిన మనిషిని చూశాడు.

"ఇది ఏటి డబ్బు?" అన్నాడు.

"సెర్బియా దినార్లు. బోర్డు మీద 'గంగయ్య మనీ ఛేంజర్' అని తెలుగులో కనబడితే ధైర్యం చేసి తెలుగులో అడిగాను. మీరు తెలుగువాళ్ళేనా?"

"తెలుగోళ్ళమే. మా తాత కూడా ఇక్కడే పుట్టినాడు, గానీ తెలుగే లా," అన్నాడు, మాట చివర మలేసియా వాళ్ళ 'లా' తగిలించి.

ఆ అమ్మాయి నవ్వింది. "ఏటి అని మా బొబ్బిలి తాతమ్మ అంటుంది. కుర్రాళ్ళు కూడా అంటారని తెలీదు."

"మీ తాతమ్మ మంచిదే అయ్యుంటాది," అన్నాడు కిషేన్.

అమ్మాయి పేరు ప్రగతి. పెరిగింది హైదరాబాదులో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. కంపెనీ పని మీద ఎనిమిది నెలలు బెల్‌గ్రేడ్‌లో ఉండి, అక్కణ్ణుంచి నేరుగా మలేసియా వచ్చింది. ఆఫీసు కౌలాలంపూర్‌లో, అద్దె గది క్లాంగ్‌లో. విమానం హడావిడిలో మార్చుకోవడం మరిచిపోయిన వెయ్యి దినార్ల నోట్లు ఆరు పర్సులో మిగిలిపోయాయి.

సెర్బియా దాటితే దినార్లను కొనేవాడు దొరకడం కష్టం. ఎనిమిదేళ్ళుగా కౌంటర్ మీద కూర్చున్న కిషేన్‌కి ఆ సంగతి బాగా తెలుసు. మారవని చెప్పి నోట్లు వెనక్కి తోసెయ్యాలి. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాడు.

"మార్చుతాం," అన్నాడు. "గానీ వారానికి ఒక్క నోటే."

"అదేం రూలు?"

"మా నాన్న పెట్టిన రూలు."

వెనక మూల కూర్చుని పేపరు చదువుకుంటున్న గంగయ్య తలెత్తాడు. కొడుకుని చూశాడు, అమ్మాయిని చూశాడు, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా నడుపుతున్న షాపులో తను పెట్టిన రూలొకటి ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది.

అలా ప్రగతి ప్రతి శనివారం సాయంత్రం రావడం మొదలుపెట్టింది. కిషేన్ ప్రతి శనివారం మధ్యాహ్నం గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఒక నోటు ఇచ్చేది. అతను సొంత జేబులోంచి నలభై రింగిట్లు తీసి ఇచ్చేవాడు. ఆమె వెళ్ళాక ఆ నోటుని బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తండ్రి చూడటం లేదనే అనుకునేవాడు.

క్లాంగ్‌లో సాయంత్రం వాన అతని పక్షాన ఉండేది. వాన తగ్గేదాకా ఆమె కౌంటర్ ముందు బల్ల మీద కూర్చునేది. పక్క కొట్టునుంచి తే తారిక్ అనే నురగ టీ వచ్చేది.

"మీ రూలు ఇంకే షాపులోనూ లేదట," అంది మూడో వారం.

"ఇంకే షాపులోనూ దినారే నేదు కదా."

"మరి మీరు వీటినేం చేస్తారు?"

"పైకి పంపిస్తాం."

"పైకంటే?"

"హెడ్డాఫీసు," అని, ఉన్నదే ఒక్క షాపని గుర్తొచ్చి, టీ గ్లాసులోకి తల దూర్చేశాడు కిషేన్.

అతని బెంగల్లా ఒక్కటే. ఆరు నోట్లంటే ఆరు శనివారాలు. ఆరోది అయిపోయాక ఆమెకి ఈ గుమ్మం ఎక్కే పనుండదు. ఈలోగా మనసులో మాట చెప్పెయ్యాలి. చెబుదామనుకున్న ప్రతిసారీ భయం పట్టుకునేది. ఆమె దేశాలు తిరిగిన మనిషి. తను అన్ని దేశాల డబ్బూ పట్టుకున్నాడు గానీ మలేసియాలోనే ఉన్న పెనాంగ్ దాటి వెళ్ళలేదు. అవునంటుందని నమ్మకమేముంది? కాదంటే వచ్చే శనివారం కూడా పోతుంది.

ఆరో వారం నోటు అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇదే కడాసిది కదా," అన్నాడు.

"ఎవరన్నారు? ఇంట్లో ఇంకోటుంది," అంది ప్రగతి.

అది ఎక్కణ్ణుంచి వచ్చిందని కిషేన్ అడగలేదు. ఆకలేసినవాడు అన్నం ఎవరు వండారని అడుగుతాడా? ఏడో వారం నోటు వచ్చింది. ఎనిమిదో వారం వచ్చిన నోటు మాత్రం వేరే రంగులో ఉంది, నలిగిపోయి ఉంది. ఐదు అంకె పక్కన పదకొండు సున్నాలున్నాయి.

"దీనికి రేటు తక్కువ," అన్నాడు కిషేన్ గంభీరంగా. "పది రింగిట్లు."

ప్రగతి అతని మొహంలోకి కాసేపు చూసి, పది రింగిట్లు తీసుకుని, గొడుగు మరిచిపోయి వెళ్ళింది. మళ్ళీ వచ్చి తీసుకెళ్ళింది.

తొమ్మిదో శనివారం బల్ల మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"మళ్ళీ బెల్‌గ్రేడ్ వెళ్ళమంటున్నారు. రెండేళ్ళు. సోమవారం లోగా చెప్పాలి."

కిషేన్ ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మంచిదే లా. ప్రమోషనా?" అన్నాడు.

"మంచిదేనా?"

"మంచిదే కదా."

"అయితే ఇవి కూడా మార్చెయ్యండి, ఒక పనైపోతుంది." మూడు నాణేలు తీసి అద్దం కిందనుంచి తోసింది. మూడూ దినార్లే.

కిషేన్ వాటివైపు చూడనైనా చూడకుండా సొరుగు తెరిచి మూడు రింగిట్లు తీశాడు. ప్రగతి మాత్రం డబ్బు ముట్టుకోలేదు. అద్దానికి అంటించి ఉన్న కాగితం చదివింది.

"'నాణేలు తీసుకోము' అని తెలుగులో ఉంది. తమిళంలో, మలాయ్‌లో, ఇంగ్లీషులో కూడా ఉన్నట్టుంది. నావి ఎందుకు తీసుకున్నారు?"

కిషేన్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"పోయిన వారం నేనిచ్చిన నోటు నేను పుట్టకముందే రద్దయిపోయింది. సెర్బియాలో కూడా చెల్లదు, సంతలో బొమ్మల పక్కన పెట్టి అమ్ముతారు. దానికి మీరు రేటు కట్టారు."

"అంటే నన్ను టెస్టు సేసినావా?"

"మొదటి వారమే అనుమానం వచ్చింది, ఎవరూ కొనని నోటు ఈయనెందుకు కొన్నాడని. నావి ఆరే. ఏడోదీ ఎనిమిదోదీ నాతో బెల్‌గ్రేడ్‌లో పనిచేసొచ్చిన మా ఆఫీసు రాజీవ్ దగ్గర కొన్నాను. ఆ పాతదాన్ని పదిహేను రింగిట్లకి కొని మీకు పదికి అమ్మాను."

మూలనుంచి గంగయ్య పేపరు మడిచిన చప్పుడు వినిపించింది. "ఇద్దురూ యాపారానికి పనికిరారు," అన్నాడాయన.

ప్రగతి నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు ఊరుతున్నాయి. "సోమవారం ఆఫీసులో ఏం చెప్పమంటారు? మంచిదే అనమంటారా?"

ఇప్పుడు నోరు విప్పకపోతే ఇక ఎప్పటికీ విప్పనక్కర్లేదని కిషేన్‌కి అర్థమైంది.

"మంచిది కాదు," అన్నాడు. "నువ్వు ఎల్లిపోతే నేను ఉండనేను. మొదటి దినమే నువ్వంటే ఇష్టం కలిగినాది. ఆ రూలు మా నాన్నది కాదు, నాది. నీ నోట్లన్నీ ఒకేసారి తీసుకుంటే నువ్వు మళ్ళీ రావని భయపడినాను. నన్ను పెళ్ళి సేసుకుంటావా?"

"ఈ మాట రెండో వారం అనుంటే నాకు రాజీవ్ దగ్గర ఖర్చు తప్పేది కదా," అంది ప్రగతి కళ్ళు తుడుచుకుంటూ. "చేసుకుంటాను. కానీ ఉద్యోగం మానను."

"మానమని ఎవుడన్నాడమ్మా?" గంగయ్య లేచి వచ్చి, కౌంటర్ కిందనుంచి బిస్కెట్ల డబ్బా తీసి పైన పెట్టాడు. కిషేన్ నోరెళ్ళబెట్టాడు. "వీడు కొన్నవి సెల్లేది ఆ దేశంలోనే. పెళ్ళి సేసుకోని ఇద్దురూ పొండి. అక్కడే ఖర్సు పెట్టుకోండి. రెండేళ్ళు షాపు నేను సూసుకుంటాను, ముందు సూసుకున్నదీ నేనే కదా. ఆ సచ్చిపోయిన నోటు మాత్రం ఒగ్గేసి పొండి, ఫ్రేము కట్టిస్తాను."

"నిజంగానా నాన్నా?" అన్నాడు కిషేన్.

గంగయ్య ప్రగతి వైపు తిరిగాడు. "అమ్మా, మీ నాన్న నంబరు ఇయ్యి," అన్నాడు.

ప్రగతి కంగారు పడింది. "మా ఇంట్లో ఇంకా ఏమీ చెప్పలేదండీ. ముందు నేను మాట్లాడి..."

"నువ్వూ వీడిలాగే తొమ్మిది వారాలు సేస్తావు. ఇయ్యి."

ఆమె కిషేన్‌ని చూసింది. కిషేన్ తలుపు గడియ తీసి కౌంటర్ బయటికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. వెనకే గంగయ్య కూడా వచ్చాడు. ప్రగతి ఫోన్లో హైదరాబాదు నంబరు కలిపి గంగయ్యకి అందించింది. స్పీకర్లోంచి, "చెప్పమ్మా ప్రగతీ, తిన్నావా?" అని ఆమె తండ్రి గొంతు వినిపించింది.

"తినబోతన్నాది," అన్నాడు గంగయ్య. "బాగున్నారా బావగారూ?"

ప్రగతి కిషేన్ చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఎవరండీ మీరు?" అంది ఆ గొంతు.

"మలేసియా నుండి గంగయ్యని. కూకోండి బావగారూ, మెల్లిగా సెప్తాను," అని ఆయన బల్ల మీద హాయిగా కూర్చున్నాడు.