రెండోసారి నొక్కలేదు

నన్ను ఇంట్లో పిచ్చుకా అని పిలుస్తారు. నా నోరు ఒక్క క్షణం మూతపడదని అమ్మ పెట్టిన పేరు. అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేది అక్క ఒక్కతే. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని నాది. మిషన్ చప్పుడు కంటే నా గొంతే పైకి వినిపిస్తుందని మా యజమాని రోజూ విసుక్కునేవాడు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు కదమ్మా" అనేవాడు. నిజమే. అక్క పాడేది, నేను వాగేదాన్ని. మా రెండు గదుల వాటాలో నిశ్శబ్దం అనేది ఎప్పుడూ ఉండేది కాదు.

అమ్మ పోయినప్పుడు అక్కకు పదహారేళ్ళు, నాకు ఆరు. నన్ను పెంచింది అక్కే. పిల్లలకు పాటలు నేర్పి, చిన్న చిన్న కచేరీలు చేసి ఇల్లు నడిపింది. అమ్మవి పదకొండు ఫొటోలున్నాయి మా దగ్గర. ఎలా నవ్వేదో వాటిలో ఉంది. ఎలా పిలిచేదో మాత్రం ఎక్కడా లేదు. నాకైతే గుర్తు కూడా లేదు.

అక్క గొంతులో చిన్న గడ్డ ఉందని తేలింది. కోసి తీసెయ్యాలన్నారు. "ప్రాణానికి భయం లేదు. గొంతు సంగతి మాత్రం నేను మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. మంగళవారం ఆపరేషన్. ముందే ఒప్పుకున్న కచేరీ ఆదివారం సాయంత్రం ఉంది. మానెయ్యమన్నాను. అక్క వినలేదు.

"పోతే పోనీవే" అంది ఇంటికొచ్చే దారిలో. "ఒక్కచోట దాచి ఉంటే చాలు. అమ్మది పోయినట్టు పోకూడదు."

"నేను రికార్డు చేస్తాగా. పూచీ నాది" అన్నాను.

ఆ మాట నమ్ముకునే అక్క ఆ ఆదివారం పాడింది.

శనివారం మధ్యాహ్నం ఎలక్ట్రానిక్స్ షాపుకు వెళ్ళి అరచేతిలో పట్టేంత రికార్డరు కొన్నాను. కొత్తది, డబ్బా సీలు నేనే చింపాను. ఎవరో వాడి వదిలేసింది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. షాపతను ఓపికమంతుడు. కార్డు వేసి, బ్యాటరీలు పెట్టి, ఒక్కొక్కటీ చూపించాడు. స్పీకరు దగ్గర పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది, మనుషుల మధ్య పెడితే దగ్గులు పడతాయి, గొంతు పైకి లేచినప్పుడు తెర మీది ఈ గీతలు చివరిదాకా పోకూడదు, అన్నాడు.

"ఇక ఈ ఎర్ర బటన్ చూడండమ్మా. ఒకసారి నొక్కితే..."

"ఎర్ర లైటు వెలుగుతుంది. తెలుసు లెండి, మా షాపులో ఇంతకంటే పెద్ద మిషన్లు తిప్పుతాను నేను."

"అది కాదమ్మా. ఒకసారి నొక్కితే..."

"బ్యాటరీలు మూడు గంటలు ఆగుతాయా? మధ్యలో మార్చాలా? ఈ హెడ్‌ఫోన్లు దీనికి సరిపోతాయా?"

అతను ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పాడు. ఎర్ర బటన్ సంగతి సగంలోనే ఉండిపోయింది.

ఆదివారం ఆరు గంటలకు హాలు ముప్పాతిక నిండింది. పాత హాలు. తెరల్లోంచి తడి గుడ్డ వాసన, నేల మీంచి ఫినాయిల్ వాసన. అయిదో వరసలో, నడవ పక్కన కూర్చున్నాను. పక్క కుర్చీలో చిన్న స్టాండు పెట్టి దాని మీద రికార్డరు బిగించాను. తెర వెనక్కి వెళ్ళి చూస్తే అక్క గొంతు దాచుకోవడానికి గుసగుసగా మాట్లాడుతోంది.

"పెట్టావా?"

"పెట్టాను."

"సరిగ్గా?"

"అక్కా, నన్ను నమ్మవా?"

నా చెంప మీద వేలితో తట్టి నవ్వింది.

వచ్చి కూర్చుని ఎర్ర బటన్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ ఉంది. పని చేస్తోందని మురిసిపోయాను. వెనకవాళ్ళకు వెలుతురు అడ్డమని దాని తెర మీద చేతిరుమాలు కప్పాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. హాలంతా చెవుల్లోకి వచ్చేసింది. ఫ్యాను రొద, ఎవరిదో చెప్పు నేలకు రాసుకున్న చప్పుడు, వయొలిన్ ఆయన తీగ సవరించుకోవడం. తర్వాత అక్క గొంతు, నా పక్కనే కూర్చుని పాడుతున్నంత దగ్గరగా.

మొదటి పాట సగంలో అనుమానం వచ్చింది. చెవుల్లో వినిపిస్తున్న పాటకూ అక్క పెదాలకూ పొంతన కుదరడం లేదు. పెద్ద హాలు కదా, ప్రతిధ్వని కాబోలు అనుకున్నాను. హెడ్‌ఫోన్లు తీశాను. పాట సరిగ్గానే ఉంది. మళ్ళీ పెట్టుకున్నాను. అప్పుడు అర్థమైంది. ప్రతిధ్వని వెనక నుంచి రావాలి.

ఇది ముందు వస్తోంది.

అక్క నోరు తెరవకముందే ఆ మాట నా చెవిలో పడుతోంది. అదే గొంతు. అదే గమకం. అక్క అర క్షణం తర్వాత దాన్ని అందుకుంటోంది. నాలుగో పాటకు ఆ తేడా ఒక మాటంత అయింది. ఆరో పాటకు ఒక వరస. హెడ్‌ఫోన్లు తీస్తూ, పెడుతూ ఉన్నాను. పక్క వరసలో పెద్దాయన నా వైపు వంగాడు.

"ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదండీ" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

ఆఖరి పాట. చరణం మధ్యలో హెడ్‌ఫోన్లలో అక్క గొంతు పైకి లేచింది... లేస్తూ... తెగిపోయింది. దారం తెగినట్టు. ఆ తర్వాత ఫ్యాను రొద కూడా లేదు. తీగ ఊడిందేమోనని తడిమాను. ఊడలేదు. వేదిక మీద అక్క ఇంకా పాడుతూనే ఉంది, ఆ వరస మొదట్లో ఉంది, కళ్ళు మూసుకుని. వద్దని అరవాలనిపించింది. ఏమని అరవను? ఆ వరస పైకి లేచింది. అదే అక్షరం దగ్గర అక్క గొంతు పగిలింది. నోరు తెరిచే ఉంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, పాపం ఓదార్పుగా. నేను రుమాలు తీసి చూశాను. తెర మీద అంకెలన్నీ సున్నాలు. లైటు ఇంకా వెలిగి ఆరుతూనే ఉంది.

ఇంటికొచ్చి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, డబ్బాలోని పుస్తకం చదివాను. ఒకసారి నొక్కితే మిషన్ సిద్ధమవుతుంది, వింటుంది, అంతే. రెండోసారి నొక్కితేనే లైటు నిలకడగా వెలుగుతుంది, రాసుకుంటుంది. నేను రెండోసారి నొక్కలేదు. అక్క ఆఖరి కచేరీని ఆ మిషన్ మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఒక్క ముక్క కూడా దాచలేదు.

సోమవారం షాపతని దగ్గరికి పరిగెత్తాను. కార్డులోంచి ఏమైనా తీయగలరా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "రాయని కాగితాన్ని ఎలా చదవమంటారమ్మా?" అన్నాడు జాలిగా. కచేరీకి వచ్చినవాళ్ళ ఫోన్లు వెతికాను. దొరికింది ఇరవై సెకన్లు, అందులో సగం దగ్గు.

అక్కకు చెప్పలేకపోయాను. ఆపరేషన్ అయింది. మూడు వారాలు గుసగుస కూడా వద్దన్నారు. ఇంటికొచ్చిన మొదటి రోజే అక్క తెల్ల పలక తీసి రాసింది. "వినిపించు."

"శుభ్రం చేయిస్తున్నానే. దగ్గులవీ తీసెయ్యాలి కదా" అన్నాను. తలూపింది. నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

రెండో రోజూ అదే మాట రాసింది. మూడో రోజు రాయలేదు, ఊరికే నా వైపు చూసింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఇక దాచలేననిపించింది. వంటగదిలో పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేదాకా ఏం చెప్పాలో మనసులోనే కూర్చుకున్నాను. పైకి ఒక్క మాట అనలేదు. గ్లాసు పట్టుకుని అక్క గదిలోకి వెళ్ళాను. తలెత్తితే నోరు పెగలదని నేల చూస్తూ చెప్పేశాను.

"అక్కా, నీ పాట లేదు. ఒకసారే నొక్కాను. షాపతను చెబుతుంటే నేనే వినలేదు, నా వాగుడే నీ గొంతు మింగేసింది. నన్ను కొట్టు."

తలెత్తాను. అక్క చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి. బీరువాలో దుప్పట్ల కింద నేను దాచిన రికార్డరు ఒళ్ళో ఉంది. కచేరీ విందామని తీసుకుని, తెలియక ఎర్ర బటన్ నొక్కినట్టుంది. లైటు వెలిగి ఆరుతోంది. అక్క కళ్ళు అప్పటికే ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

పలక నా వైపు తిప్పింది. నేను ఇప్పుడే అన్న మాటలు అందులో ఉన్నాయి. ఒక్కటీ పొల్లుపోకుండా, 'నన్ను కొట్టు' దాకా. కలానికి మూత పెట్టి ఉంది. ఎప్పుడు రాసిందో మరి... నేను పాలు కాస్తున్నప్పుడు రాసి ఉండాలి.

దాని కింద ఇంకో వరస ఉంది.

"అక్కా, ఆ మిషన్ ఆప"

అంతే. సరిగ్గా ఆ మాటే నా నాలుక చివరికి వచ్చి ఉంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. గ్లాసు కిందపడి పగిలింది, వేడి పాలు కాళ్ళ మీద పడ్డాయి, అయినా చేతులు తీయలేదు. తర్వాత ఏముందని కళ్ళతోనే అడిగాను. అక్క రాసింది.

"అక్కడ తెగింది. తర్వాత ఏమీ లేదు."

అక్క పాట కూడా అలాగే తెగింది.

కలం తీసుకుని కచేరీలో నేను విన్నదంతా రాశాను. అక్క చదివింది. నన్ను దగ్గరికి తీసుకుంది. తప్పు చేసింది నేను, వీపు నిమిరింది తను. ఆ మిషన్ బ్యాటరీలు పీకేసి జేబులో వేసుకున్నాను. గోడకేసి కొట్టడానికి చెయ్యెత్తాను కూడా. అక్క నా మణికట్టు పట్టుకుంది. పలక తీసుకుని రాసింది.

"నా గొంతు తిరిగొచ్చేటట్టయితే, ఇందులో ముందే వినిపిస్తుంది కదా?"

ఏం చెయ్యమంటారు? దాస్తానన్న గొంతు దాచలేకపోయిన దాన్ని. ఆ కాస్త ఆశ కూడా లాక్కోనా? నా చేతులతోనే బ్యాటరీలు మళ్ళీ పెట్టాను.

ఆ రోజు నుంచి నేను మాట్లాడలేదు. ఆ ఒక్క మాట అనకపోతే చాలు కదా అని మీకనిపించొచ్చు. నా నోరు మీకు తెలీదు. ఒక మాట జారితే దాని వెనకే ఆ మాటా జారుతుంది. షాపులో గొంతు పట్టేసిందని కాగితం మీద రాసి చూపించాను. యజమాని మొదట నవ్వాడు. నాలుగు రోజులయ్యేసరికి "ఏదైనా అనమ్మా, షాపు బోసిగా ఉంది" అన్నాడు. నిద్రలో పలవరిస్తానేమోనని మూతికి గుడ్డ కట్టుకుని పడుకుంటున్నాను. అక్క పొద్దున లేస్తూనే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది, తన గొంతు కోసం. అన్నం తినదు. కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆ లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. చిక్కి సగమైంది. ఆపెయ్యమని చెప్పాలని నాకు క్షణక్షణం అనిపిస్తుంది. చెప్పకూడని మాట అదొక్కటే. కాగితం మీద రాస్తే చదవకుండానే మడిచి పక్కన పెడుతుంది.

ఈ పొద్దున, ఆపరేషన్ అయిన పద్దెనిమిదో రోజు, నేను షాపుకు బయలుదేరుతుంటే అక్క చప్పట్లు కొట్టింది. తిరిగి చూశాను. ముఖం వెలిగిపోతోంది. కళ్ళ నిండా నీళ్ళు. పలక ఎత్తింది.

"వచ్చింది! నా గొంతే!"

చెప్పులు విడిచేసి పరిగెత్తుకెళ్ళి అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఇన్నాళ్ళకు నా గుండె మీది బరువు దిగింది. ఏం పాట అని వేళ్ళతో అడిగాను.

అక్క వింటూ ఉంది. వింటున్నకొద్దీ నవ్వు తగ్గింది. నెమ్మదిగా రాసింది.

"పాట కాదు. పిచ్చుకా అని పిలుస్తున్నాను."

ఇంకాసేపు విన్నది.

"పిలుస్తూనే ఉన్నాను. నువ్వు పలకట్లేదు."

ఎప్పటి మాట అని సైగతో అడిగాను. కచేరీలో ఒక వరస ముందు, వంటగదిలో కొన్ని నిమిషాల ముందు. ఇప్పుడు ఎంతో అక్కకూ తెలీదు. గంటో, రోజో. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంకా వింటోంది. ఉన్నట్టుండి, నా చెయ్యి వదలకుండానే, ఒంటి చేత్తో వంకరటింకరగా రాసింది.

"ఇంకో ఆడమనిషి పిలిచింది. ఆ పిలుపుకు పలికావు. వస్తున్నా అన్నావు."

ఎవరు?

అక్క గోడ మీది అమ్మ ఫొటో వైపు చూసి, పలక మొత్తం అరచేత్తో తుడిచేసింది.